వాటా పుస్తకం మొదటి పేజీ

1602 ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో ఒక పెద్ద చిట్టా పుస్తకం తెరిచి పెట్టారర్రా. తూర్పు దేశాలకి ఓడలు పంపే కొత్త కంపెనీ ఒకటి పుట్టింది. అందులో వాటా కావాలన్నవాళ్లు వచ్చి పేరూ సొమ్మూ రాయించుకోవచ్చు. ఆ ఊళ్లో మొత్తం 1,143 మంది రాయించుకున్నారు. వాళ్లలో షావుకార్లున్నారు, పెద్ద వర్తకులున్నారు. గడువు ముగిసే వేళకి ఆ ఇంట్లోనే పనిచేసే నేల్చెన్ కొర్నెలిస్ అనే పనిమనిషి కూడా వంద గిల్డర్లు రాయించుకుంది. చిన్న జీతంతో బతికే మనిషికి అది ఎన్నాళ్ల సంపాదనో ఆలోచించండి.

ఆ కంపెనీయే డచ్ ఈస్టిండియా కంపెనీ. అన్ని ఊళ్లలోనూ కలిపి దానికి సుమారు 64 లక్షల గిల్డర్లు పోగయ్యాయి. అయితే నేను మీకు చూపించాలనుకున్నది ఆ పుస్తకం మొదటి పేజీ. వాటా ఉన్న మనిషి కంపెనీ లెక్కలు రాసే గుమాస్తా దగ్గరికి వెళ్లి, ఆ వాటాని ఇంకొకరి పేరుకి మార్పించవచ్చు అని అక్కడ ఒక షరతు రాసిపెట్టారు. షేర్ మార్కెట్ పుట్టింది ఆ వాక్యంలోనే.

అంతకు ముందు ఓడ వ్యాపారానికి నలుగురూ తలా కాస్త వేసుకునేవాళ్లు. ఓడ క్షేమంగా వస్తే సరుకు అమ్మి పంచుకునేవాళ్లు, మునిగితే ఎవరి ఖర్మ వాళ్లది. మధ్యలో కూతురి పెళ్లి వచ్చి పడినా పెట్టిన డబ్బు చేతికి రాదు. మొదటి పేజీలో ఆ షరతు పడ్డాక ఓడ సముద్రంలో ఉండగానే వాటా అమ్ముకునే వీలొచ్చింది. ఓడ కదలక్కర్లేదు, మిరియం బస్తా దిగక్కర్లేదు. పుస్తకంలో పేరు మారితే చాలు, సంపద చేతులు మారిపోతుంది.

ఇంతలో ఇంకో మలుపు వచ్చింది. పదేళ్లకి లెక్క తేల్చి, కావాలన్నవాళ్ల డబ్బు వాళ్లకి ఇచ్చెయ్యాలని కంపెనీకి ఇచ్చిన సనదులో ఉంది. తీరా 1612 వచ్చేసరికి డచ్ ప్రభుత్వం ఆ బాధ్యత నుంచి కంపెనీని తప్పించింది. ఇక డబ్బు కావాలంటే బజారుకి వెళ్లి వాటా అమ్ముకోవడం ఒక్కటే దారి. కంపెనీ చేతిలో ఉన్న సొమ్ము కదలదు, వాటాదారు మాత్రం ఎప్పుడంటే అప్పుడు బయటికి రావచ్చు. ఈ రెండూ ఒక్కచోట కుదరడం చట్టం చేసిన పని. ఏ వ్యాపారీ ఒంటరిగా చెయ్యగలిగింది కాదది.

మోసాలూ తగవులూ వెంటనే మొదలయ్యాయి. మొదట్లో 85,000 గిల్డర్లు పెట్టి అందరికంటే పెద్ద వాటాదారైన ఐజాక్ ల మేర్ డైరెక్టర్లతో చెడి బయటికొచ్చాడు. 1609లో అతనూ అతని జట్టూ తమ దగ్గర లేని వాటాల్ని ముందు తేదీకి అమ్మడం మొదలుపెట్టారు. ధర పడితే చవగ్గా కొని అప్పజెప్పవచ్చని ఎత్తు. డైరెక్టర్లు గోల పెట్టారు. లేని వాటా అమ్మకూడదని 1610లో ప్రభుత్వం శాసనం చేసింది. అయినా జనం అలాంటి ఒప్పందాలు రాసుకుంటూనే ఉన్నారు. కోర్టుకి వెళ్తే చెల్లవని తెలిసీ, మాట తప్పితే రేపు బజార్లో ముఖం చెల్లదన్న భయంతో చాలామంది వాటిని చెల్లించేవాళ్లు.

ఈ కథంతా ఎక్కడో జరిగిందనుకోకండి. 1605లో ఆ కంపెనీ మనుషులు మచిలీపట్నం చేరారు. కృష్ణా గోదావరి ప్రాంతంలో నేసి, చిరివేరు రంగుతో ఎర్రగా అద్దిన బట్టలంటే మసాలా దీవుల్లో మోజు. ఇక్కడి బట్టలు పట్టుకెళ్లి అక్కడ లవంగాలూ జాజికాయా కొనేవాళ్లు. 1610లో కంపెనీ ఇచ్చిన మొట్టమొదటి డివిడెండు డబ్బు కూడా కాదు, జాపత్రి. అవును, మన వంటింట్లో మసాలా డబ్బాలో ఉండే జాపత్రే. ఆ జాపత్రి మీద పూర్తి గుత్తాధిపత్యం కోసం 1621లో కంపెనీ సైన్యం బందా దీవుల మీద పడింది. అక్కడి జనంలో అత్యధికులు చచ్చిపోయారు, బానిసలయ్యారు, లేదా పారిపోయారు. కోటలు కట్టే హక్కూ, సైన్యం పెట్టుకునే హక్కూ సనదులోనే ఉన్నాయి. చిరివేరు తవ్వినవాళ్లూ, మగ్గం మీద కూచున్నవాళ్లూ, జాజికాయ ఏరినవాళ్లూ ఆ సంపదకి మూలం. ఆమ్‌స్టర్‌డామ్ పుస్తకంలో వాళ్ల పేర్లు లేవు. సంపద ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎవరి పేర రాశారన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్న అడగకుండా లోకంలో కలిమిలేముల సంగతి అర్థం కాదని నా నమ్మకం.

లాభం సంగతి విన్నారు కదా, నష్టం ఎవరిదో చూద్దాం. 1878 అక్టోబరులో స్కాట్లాండ్‌లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంక్ కూలింది. రానిబాకీలు దాచిపెట్టి, దొంగ లెక్కలు చూపిస్తూ వచ్చారు డైరెక్టర్లు. వాళ్లకి జైలుశిక్షలు పడ్డాయి, ఆ మాట అలా ఉంచండి. పాపం, 1,819 మంది వాటాదారుల సంగతే గుండె తరుక్కుపోయే కథ. బ్రిటన్‌లో 1855లోనే పరిమిత బాధ్యత చట్టం వచ్చినా, ఈ బ్యాంకు పాత పద్ధతిలోనే ఉండిపోయింది. అప్పులన్నిటికీ వాటాదారుల ఆస్తులే పూచీ. వంద పౌన్ల వాటా ఉన్న ప్రతి మనిషీ 2,750 పౌన్లు కట్టాల్సొచ్చింది. ఇల్లూ వాకిలీ అమ్ముకున్నా తీరలేదు. చివరికి 254 మంది మాత్రం దివాలా తియ్యకుండా బయటపడ్డారు. అనాథ పిల్లల తరఫున ధర్మకర్తలుగా వాటాలు పెట్టుకున్నవాళ్ల సొంత ఆస్తులు కూడా పోయాయి.

పెట్టిన డబ్బు పోతే పోయింది, ఇంటిమీదకి ఎవరూ రారు అనే పరిమిత బాధ్యతని ఇవాళ గాలీ నీరూ అన్నట్టు తీసుకుంటున్నాం. దీని వెనక ఆర్థికశాస్త్రం చెప్పే కారణం ఒకటి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. బాధ్యతకి హద్దు లేకపోతే, నా తోటి వాటాదారులు ఎంత ఆస్తిపరులో నేను కనుక్కోవాలి. వాళ్లు చేతులెత్తేస్తే వాళ్ల వంతు కూడా నా నెత్తిన పడుతుంది కదా. అప్పుడు ఒకే కంపెనీ వాటా కలవాడి చేతిలో ఒక విలువ, లేనివాడి చేతిలో ఒక విలువ. అలాంటి వాటాని ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య బజార్లో పెట్టి అమ్మలేం. హద్దు గీశాక ఏ వాటా అయినా ఒకటే. బొంబాయిలో ఉన్నవాడు బెజవాడలో ఉన్నవాడి వాటా మొహం చూడకుండా కొనొచ్చు. పది కంపెనీల్లో పదేసి వాటాలు పెట్టుకోవచ్చు. మన దేశానికి ఈ చట్టం 1857లో వచ్చింది, బ్యాంకులకి 1860లో వర్తింపజేశారు. 1875లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి ఏర్పడింది.

అయితే నష్టానికి హద్దు గీసినంత మాత్రాన నష్టం ఆవిరైపోదు. వాటాదారు మొయ్యనిది ఇంకొకరు మొయ్యాలి. ఒక్కోసారి అప్పిచ్చినవాళ్లు, ఒక్కోసారి కూలీలు, ఒక్కోసారి ఫ్యాక్టరీ పక్కన గుడిసెలో నిద్రపోతున్నవాళ్లు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వదిలిన కర్మాగారం యూనియన్ కార్బైడ్ ఇండియాది. అందులో అమెరికాలోని మాతృసంస్థ యూనియన్ కార్బైడ్‌కి 50.9 శాతం వాటా. మేం వాటాదారులం మాత్రమే, ఆ సంస్థ వేరు అని అమెరికా కంపెనీ వాదించింది. కేసు న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకి వెళ్తే, 1986లో జడ్జి జాన్ కీనన్ ఇది భారతదేశంలో తేలాల్సిన వ్యవహారమని పంపించేశారు. 1989లో 47 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది.

అదే న్యూయార్క్ కోర్టులో ఇంకో కేసు చెప్తాను, పక్కపక్కన పెట్టుకుని చూడండి. 2001లో అర్జెంటీనా ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. నూటికి 93 వంతుల బాండ్లు, అంటే ఆ అప్పుల పత్రాలు, ఉన్నవాళ్లు తక్కువకి ఒప్పుకున్నారు. కొన్ని ఫండ్లు మాత్రం, అందులో కొన్ని ఆ బాండ్లని చవగ్గా కొన్నవే, మొత్తం కట్టాల్సిందేనని భీష్మించుకు కూచున్నాయి. ఆ బాండ్లు న్యూయార్క్ చట్టం కింద రాసినవి. బాండ్లవాళ్లందరినీ సమానంగా చూడాలని వాటిలో ఒక షరతుంది. ఆ ఒక్క షరతు పట్టుకుని, వీళ్లకి కట్టకుండా మిగతావాళ్లకి కట్టడానికి వీల్లేదని 2012లో జడ్జి థామస్ గ్రీసా ఆదేశించారు. అదే ఏడాది ఘనాలోని తేమా రేవులో అర్జెంటీనా నౌకాదళం వాళ్ల శిక్షణ ఓడని ఒక ఫండ్ ఆపేయించింది. హాంబర్గ్‌లోని సముద్ర చట్టాల ట్రిబ్యునల్ కల్పించుకున్నాక గానీ ఓడ కదల్లేదు. 2016లో ఆ ఫండ్లు తమ డబ్బు రాబట్టుకున్నాయి.

న్యాయశాస్త్రం ప్రకారం ఈ రెండు కేసులూ వేరువేరే, ఒప్పుకుంటాను. కానీ అప్పిచ్చినవాళ్లు ఏ కోర్టులో తేల్చుకోవాలో ముందే కాగితం మీద రాయించుకున్నారు. భోపాల్ బస్తీవాళ్లకి రాయించుకోవడానికి కాగితమే లేదు. కొలంబియా యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చెప్పే కథరీనా పిస్టర్ 2019లో రాసిన పుస్తకంలో, పొలమైనా అప్పయినా ఆలోచనైనా పెట్టుబడిగా మారేది న్యాయవాదులు దానికి తొడిగే చట్టపు కవచం వల్లే అంటుంది. ఆమె మాట అక్షరాలా నిజమని నేననుకుంటాను.

చట్టం సంగతి విన్నారు, ఇక బజారు వెనకున్న లెక్కల సంగతి చూద్దాం. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నీళ్లలో తేలే పుప్పొడి నలుసుల్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. అవి ఊరుకోకుండా అటూ ఇటూ గెంతుతున్నాయి. ఆ గెంతుల లెక్కని 1905లో ఐన్‌స్టీన్ తేల్చాడని మీ పుస్తకాల్లో ఉంటుంది. కానీ అంతకి ఐదేళ్ల ముందే, 1900లో, పారిస్‌లో లూయీ బాషెలియే అనే విద్యార్థి అలాంటి గణితమే కట్టాడు. అతను చూసింది నలుసుల్ని కాదు, పారిస్ ఎక్స్ఛేంజిలో బాండ్ల ధరల్ని. ఒక షేరు రోజుకి 10 రూపాయలు అటో ఇటో జరుగుతుందనుకోండి. 4 రోజులకి 40 జరగాలని మనకి తోస్తుంది. అటు వేసిన అడుగునీ ఇటు వేసిన అడుగునీ కొట్టేసుకుంటూ పోతే సుమారు 20 తేలుతుంది. 100 రోజులకి 100. అంటే కాలానికి వర్గమూలం చొప్పున. ఎంత అందమైన ఫలితమో చూడండర్రా! అతని జీవితకాలంలో ఆర్థికవేత్తలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ లెక్క ఎక్కడ పనికొచ్చిందో చెప్పాలంటే ఆప్షన్ అంటే తెలియాలి. నూజివీడులో ఒక మామిడి తోట ఉందనుకోండి. కాపుకొచ్చాక పంటంతా 5 లక్షలకి తీసుకునే హక్కు నాకుండాలని వ్యాపారి ఇప్పుడే 20 వేలు బయానా ఇస్తాడు. అప్పటికి ధర పెరిగితే పంట తీసుకుంటాడు, పడితే బయానా వదులుకుంటాడు. ఈ హక్కే ఆప్షన్. ఇక బయానా ఎంతైతే న్యాయం? దీనికి జవాబు 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ అచ్చువేసిన వ్యాసంలో దొరికింది, రాబర్ట్ మెర్టన్ దాన్ని ఇంకా గట్టి పునాది మీద నిలబెట్టాడు. ఆశ్చర్యం ఏమిటంటే, షేరు పెరుగుతుందా తరుగుతుందా అన్నది ఆ సూత్రానికి అక్కర్లేదు. ఇవాళ్టి ధర, ఒప్పుకున్న ధర, మిగిలిన గడువు, వడ్డీ రేటు, ధర ఎంతగా ఊగుతుందన్న కొలత ఉంటే చాలు. ఆప్షన్ అమ్మినవాడు అదే షేర్లని తగుపాళ్లలో దగ్గర పెట్టుకుని, ధర కదిలినప్పుడల్లా పాళ్లు సర్దుకుంటూ పోతే పెరుగుదలా తరుగుదలా రెండూ అతన్ని తాకవు, సిద్ధాంతం ప్రకారం. ఆ సమీకరణాన్ని కాస్త మారిస్తే ఇనప చువ్వలో వేడి ఎలా పాకుతుందో చెప్పే ఫూరియే సమీకరణం అయిపోతుంది.

ఇక్కడే చట్టమూ సిద్ధాంతమూ చేతులు కలిపాయి. 1973 ఏప్రిల్ 26న చికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి తెరిచారు. మొదటిరోజు 16 కంపెనీల మీద 911 కాంట్రాక్టులు నడిచాయి. ఆప్షన్లంటే జూదమనే అనుమానం అంతకు ముందు నుంచీ ఉండేది. ఈ లెక్క వెనక నిలబడ్డాక ఆ అనుమానం పోయిందని ఎక్స్ఛేంజి న్యాయవాది తరవాత గుర్తుచేసుకున్నాడు. బ్లాక్ లెక్కకట్టిన ధరల పట్టీలు చేతిలో పట్టుకుని వ్యాపారులు అంగట్లో నిలబడేవాళ్లు. ఎడిన్‌బరో సామాజికవేత్త డొనాల్డ్ మెకంజీ దీన్ని తవ్వి చూపించాడు: మొదట్లో బజారు ధరలు సూత్రంతో అంతగా కలవలేదు, అందరూ సూత్రం వాడటం మొదలెట్టాక కలిశాయి, 1987 అక్టోబరు 19న అమెరికా డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడ్డాక మళ్లీ విడిపోయాయి. భౌతికశాస్త్రానికీ ఆర్థికశాస్త్రానికీ తేడా ఇక్కడుంది. పుప్పొడి నలుసు ఐన్‌స్టీన్ సమీకరణం చదవలేదు. వ్యాపారి బ్లాక్ సూత్రం చదివాడు, చదివి తన నడక మార్చుకున్నాడు.

1997లో షోల్స్‌కీ మెర్టన్‌కీ నోబెల్ వచ్చింది. మరుసటేడే వాళ్లు భాగస్వాములుగా ఉన్న ఫండ్ 400 కోట్ల డాలర్లకి పైగా పోగొట్టుకుంది. 14 ఆర్థిక సంస్థలు 360 కోట్ల డాలర్లు వేసి దాన్ని నిలబెట్టాయి. అయినా 2000లో అమెరికా ఒక చట్టం చేసింది. ఎక్స్ఛేంజి బయట పెద్ద సంస్థలు రాసుకునే ఇలాంటి కాంట్రాక్టులకి జూదం నిషేధించే రాష్ట్ర చట్టాలు వర్తించవు, కోర్టులో చెల్లుతాయి అని. ఇంకొకరి అప్పు మునిగితే నాకు డబ్బివ్వాలి అనే ఒప్పందాలు కొండల్లా పెరిగిపోయి, 2007 చివరికి కాగితం మీద సుమారు 60 లక్షల కోట్ల డాలర్లకి చేరాయి. వాటిని విచ్చలవిడిగా అమ్మిన ఏఐజీ అనే బీమా కంపెనీని కాపాడటానికి 2008 సెప్టెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు తొలివిడతగానే 8,500 కోట్ల డాలర్లు అప్పిచ్చింది.

మన సంగతికి వస్తే, 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందాలు చెల్లవు. ఆ సెక్షన్ ఇప్పటికీ ఉంది. 1999లో సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ చట్టంలో 18ఏ అనే సెక్షన్ చేర్చి, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజిలో జరిగే డెరివేటివ్ కాంట్రాక్టు, అంటే ఆప్షన్లలాంటి ఒప్పందం, చట్టబద్ధమేనన్నారు. 2000 జూన్‌లో వ్యాపారం మొదలైంది. పంట ధర పడిపోతుందన్న భయం ఉన్నవాళ్లకీ, షేర్లు పెద్దమొత్తంలో ఉన్న ఫండ్లకీ ఇలాంటి ఒప్పందాలు నిజంగా అవసరమైన రక్ష. దాన్ని నేను కాదనను.

కానీ ఫోన్‌లో వారం గడువు ఆప్షన్లు కొనే కుర్రాళ్ల దగ్గర రక్షించుకోవడానికి ఏ పంటా లేదు. 2024 సెప్టెంబరులో మన షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్లూ (ముందు తేదీకి కొనే, అమ్మే ఒప్పందాలు) ఆప్షన్లూ ఆడిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఆ ఆటలో ఉన్నవాళ్లలో 43 శాతం మంది 30 ఏళ్ల లోపువాళ్లు, అంటే మీ ఈడువాళ్లు. అవతలి పక్క లాభపడ్డది ఎక్కువగా సొంత డబ్బుతో ఆడే పెద్ద సంస్థలూ విదేశీ ఫండ్లూ. వాళ్ల లాభంలో నూటికి 95 వంతుల పైన కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన వ్యాపారంలోంచి వచ్చిందే.

అందుకని నా మాట వినండర్రా. మంచి కంపెనీల షేర్లు కొనండి, వార్షిక నివేదిక చదివి కొనండి, ఇండెక్స్ ఫండ్లో నెలనెలా వేసుకోండి. మొదటి ఉద్యోగం జీతం పట్టుకెళ్లి ఆప్షన్లలో మాత్రం పెట్టకండి. సెబీ నివేదిక వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతుంది. ఇప్పటికే ఖాతా తెరిచిన స్నేహితులుంటే వాళ్లకి పంపించండి.